గోడల్లో మిగిలిన నీళ్లు

రాధాకుమారికి నీళ్లంటే భయమన్న సంగతి ఆమె భర్తకు కూడా తెలియదు. కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషికి నీళ్ల భయమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమె తాతగారు కోస్తా నుంచి వచ్చి వర్ని దగ్గర పొలం కొనుక్కున్నప్పటి నుంచి ఆ ఇంటిల్లిపాదికీ కాలువే బతుకు. వరి మడులు, గట్ల మీద కందిచెట్లు, సాయంత్రమైతే కాలువ మెట్ల దగ్గర బట్టల చప్పుడు. ఆ మెట్ల మీదే, రెండో తరగతి చదివే రోజుల్లో, ఆమె కాలు జారింది.

కాలువ అక్కడికి కాస్త దిగువన రోడ్డు కింద తూములోకి దూరేది. నీళ్లు పిల్లను ఆ తూములోకి లాక్కుపోయాయి. లోపల చీకటి, పాకుడు పట్టిన సిమెంటు, నోటినిండా నీళ్లు. రోడ్డుకు అవతల మడికి నీళ్లు పెట్టుకుంటున్న రైతు నీళ్లలో జుట్టు చూసి పట్టి లాగాడు. తల్లి శాంతకుమారి పిల్లను వాటేసుకుని ఏడ్చింది, రెండు దెబ్బలు కొట్టింది, నాన్నకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. దాంతో ఆ మాట అక్కడే మునిగిపోయింది. పెద్దయ్యాక కూడా రాధాకుమారి స్నానాల గది తలుపుకు గొళ్లెం పెట్టుకునేది కాదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, పరీక్ష రాసి, తొంభైల మొదట్లో ఆమె సర్కారు టీవీ రిలే స్టేషన్‌లో టెక్నీషియన్ అయింది. పోస్టింగు బాన్సువాడలో ఇచ్చారు. భర్త దిలీప్ అక్కడే ఎరువుల కొట్టు పెట్టాడు. కూతురు దీపిక అక్కడే బళ్లో చేరింది.

స్టేషన్ ఊరి చివర, వాగుకు దగ్గరగా, పల్లపు స్థలంలో ఉండేది. ముందు ఒక ఇనుప తలుపు, లోపల చిన్న ఆఫీసు గది, దాని వెనక ట్రాన్స్‌మిటర్ గది. మిషన్లకు దుమ్ము, వేడి తగలకూడదని ఆ రెండు గదులకూ కిటికీలు పెట్టలేదు. బయట పెద్ద డిష్, ఎర్రతెల్ల రంగుల టవర్, ఒక పక్కగా జనరేటర్ షెడ్డు. ఆకాశం నుంచి డిష్ పట్టుకున్న బొమ్మను టవర్ చుట్టుపక్కల పల్లెలకు పంచేది. వార్తలైనా, ఆదివారం సినిమా అయినా, క్రికెట్టయినా, అప్పట్లో చాలా ఇళ్లకు ఆ టవరే దిక్కు.

ఇంజనీరు సాంబమూర్తి పదవీ విరమణకు దగ్గరపడిన మనిషి. నెమ్మదస్తుడు. కాపలాకు ధన్‌సింగ్ అనే తండా మనిషి. ఊడ్చి, తుడిచి, నీళ్లు పట్టి పెట్టడానికి లస్మవ్వ. లస్మవ్వకు యాభై దాటాయి. ట్రాన్స్‌మిటర్‌ను ఆమె "పెట్టె" అనేది. దాని లైట్లు వెలుగుతుంటే దగ్గరికి వెళ్లేది కాదు, దూరం నుంచే కర్రగుడ్డతో నేల తుడిచేది.

"గా పెట్టె కరిసే కుక్క లెక్కుంటది మేడం. మంచిగ చూస్కుంట ఉండాలె," అనేది.

రాధాకుమారి నవ్వేది.

ఒక ఏడు వానాకాలం చివర్లో ముసురు పట్టి వదల్లేదు. ఒకరోజు సాంబమూర్తి ఆఫీసు పని మీద నిజామాబాద్ వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాన చూపు ఆనకుండా కురిసింది. జల్లు లోపలికి కొడుతోందని రాధాకుమారి మనసొప్పకపోయినా ముందు తలుపు మూసి గొళ్లెం పెట్టింది. లోపల ఆమె, లస్మవ్వ. ధన్‌సింగ్ జనరేటర్ షెడ్డులో ఉన్నాడు.

మొదట లస్మవ్వే చూసింది. "మేడం, గడప కిందికెళ్లి నీళ్లస్తున్నయి."

రాధాకుమారి గోనెపట్ట మడిచి గడప దగ్గర అడ్డం పెట్టింది. అది కాసేపట్లో తేలిపోయింది. బయటి నుంచి ధన్‌సింగ్ కేక వినిపించింది. "మేడం, వాగు ఇటు మర్లింది. బయటికి రాండ్రి, జల్ది."

ముందు ట్రాన్స్‌మిటర్ ఆపాలి. తర్వాత మెయిన్. నీళ్లలో కరెంటు ఉంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె గబగబా లోపలి గదికి వెళ్లి ఒక్కొక్కటీ ఆపింది, చివరికి ముందు గదిలోకి వచ్చి గోడకున్న మెయిన్ స్విచ్ కిందికి లాగింది. కిటికీలు లేని బిల్డింగంతా పట్టపగలు నల్లగా అయిపోయింది. కాళ్ల కింద, కేబుళ్లు వెళ్లే గాడి మీద పరిచిన చెక్కలు నీళ్లకు లేచి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు వినగానే ఆమెకు ఊపిరి అందలేదు.

తడుముకుంటూ తలుపు దగ్గరికి వచ్చి గొళ్లెం తీసి తలుపు నెట్టింది. కదల్లేదు. భుజం ఆనించి నెట్టింది. లస్మవ్వ కూడా నెట్టింది. తలుపు బయటికి తెరుచుకునేది. బయట నీళ్లు నడుము దాకా ఉన్నాయి, లోపల ఇంకా పిక్కల దాకానే. బయటి నీళ్ల బరువంతా తలుపు మీద ఉంది. అవతల ధన్‌సింగ్ పిడి పట్టుకుని లాగుతున్నాడు. అతని వల్లా కావడం లేదు.

అప్పుడు రాధాకుమారికి అర్థమైంది. లోపల కూడా నీళ్లు పెరగాలి. లోపలా బయటా సమానమైతే గానీ ఈ తలుపు రాదు. అంటే ఆ చీకట్లో నిలబడి, నీళ్లు ఎప్పుడు పైకి వస్తాయా అని ఎదురుచూడాలి.

"ధన్‌సింగ్, ఆగు. కాసేపు ఆగు," అంది.

"ఏమైతుంది మేడం?" అంది లస్మవ్వ.

"నీళ్లు ఎక్కాలి లస్మవ్వా. ఎక్కితేనే తలుపు వస్తుంది."

లస్మవ్వ తడుముకుని ఆమె చెయ్యి పట్టుకుంది. నీళ్లు మోకాళ్లు దాటాయి. తొడల దాకా వచ్చాయి. చల్లగా, బురద వాసనతో, లోపల ఏవేవో కాళ్లకు తగిలి పోతున్నాయి. రాధాకుమారి పళ్లు కొట్టుకుంటున్నాయి. కళ్లు మూసినా తెరిచినా తూము లోపలి చీకటే. లస్మవ్వ చెయ్యి మాత్రం ఆ చీకట్లో లేదు, ఇక్కడే ఉంది. గరుగ్గా, వెచ్చగా.

"నా చెయ్యి ఇడువకు బిడ్డా," అంది లస్మవ్వ. అంతవరకూ ఆమె ఎప్పుడూ మేడం తప్ప మరోలా పిలవలేదు.

నీళ్లు నడుముకు వచ్చాక తలుపు కాస్త సడలింది. ఇద్దరూ లోపల నుంచి నెట్టారు, ధన్‌సింగ్ బయట నుంచి లాగాడు. సందు పడగానే ఒకరి వెనక ఒకరు బయటపడ్డారు. ధన్‌సింగ్ టవర్ కాలికి కట్టిన తాడు పట్టుకుని ముగ్గురూ రోడ్డు దాకా నడిచారు. రోడ్డెక్కాక రాధాకుమారి కూలబడి వాంతి చేసుకుంది. లస్మవ్వ ఆమె వీపు నిమురుతూ ఉండిపోయింది.

వాన వెలిసినా నీళ్లు ఒకంతట పోలేదు. పోయాక మిగిలింది బురద. ట్రాన్స్‌మిటర్ సగం దాకా మునిగింది. గోడలు ఛాతీ ఎత్తున నల్లటి గీత వరకు తడిసి ఉబ్బాయి. బీరువా కింద నుంచి పాము పిల్లలను ధన్‌సింగ్ కట్టెతో బయటికి తోశాడు. అంతటా చచ్చిన చేపల వాసన.

బజారుకు వెళితే అందరిదీ ఒకటే ప్రశ్న. "మేడం, టీవీ ఎప్పుడస్తది?" కిరాణా కొట్టులో, బస్టాండులో, బడి దగ్గర. కొందరు నవ్వుతూ, కొందరు విసుగ్గా. పై ఆఫీసు నుంచి కూడా రోజూ ఫోను వచ్చేది. సాంబమూర్తి ఫోను పెట్టేసి చెమట తుడుచుకునేవాడు. రిటైరయ్యే ముందు తన స్టేషన్ ఇలా మూతబడిందన్న మాట వస్తుందేమోనని ఆయన భయం. రాధాకుమారి భయం వేరు. ప్రతి పొద్దునా ఆ ఇనుప తలుపు ముందు ఆమె కాళ్లు ఆగిపోయేవి. ధన్‌సింగ్ తలుపుకు బండరాయి అడ్డం పెట్టి, "మూస్కపోదు మేడం, నేనిక్కడనే ఉంట," అన్నాక లోపలికి అడుగు పెట్టేది.

ట్రాన్స్‌మిటర్ విప్పి, లోపలి సర్క్యూట్ పలకలన్నీ బయటికి తెచ్చి, మంచినీళ్లతో కడిగి, స్పిరిటుతో తుడిచి, నీడపట్టున ఆరబెట్టారు. పాడైనవాటికి బదులు హైదరాబాద్ నుంచి తెప్పించారు. సాంబమూర్తి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, బ్రష్షుతో బురద తీస్తూ, "మన క్యాంపుల్లో ధాన్యం తడిస్తే ఆరబోసినట్టే ఉందండీ," అనేవాడు. కోస్తా నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లను అక్కడ క్యాంపులంటారు; ఆయనదీ కోటగిరి దగ్గర స్థిరపడిన కోస్తా కుటుంబమే.

గోడలే ఆరలేదు. పెద్ద ఫ్యాన్లు పెట్టి ఆరబెడదామనుకున్నారు. అందుకు లోపల కరెంటు కావాలి. ఇద్దరూ కూర్చుని ఒక్కొక్క లైనూ మీటరుతో పరీక్షించారు. ట్రాన్స్‌మిటర్ గది లైను బాగుంది. ఆఫీసు గదిదీ బాగుంది. మెయిన్ వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. ఎన్నాళ్ల తర్వాతో ఆ బిల్డింగులో చప్పుడు పుట్టింది. సాంబమూర్తి టీ తాగడానికి ధన్‌సింగ్‌ను వెంటబెట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాడు.

రాధాకుమారి లోపలి గదిలో బల్ల మీద ఏదో అతుకుతోంది. లస్మవ్వ ముందు గది తుడుస్తోంది. కాసేపటికి గుడ్డ రాసే చప్పుడు ఆగింది. రాధాకుమారి పట్టించుకోలేదు.

"లస్మవ్వా, ఆ బకెట్టు ఇలా తీసుకురా," అంది.

జవాబు లేదు. మళ్లీ పిలిచింది. తల తిప్పి చూసింది. లస్మవ్వ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో తడిగుడ్డ, రెండో చెయ్యి ఇనుప తలుపు చట్రం మీద. తలుపునే చూస్తున్నట్టుంది. అరవడం లేదు. కానీ ఒళ్లంతా సన్నగా, ఆగకుండా వణుకుతోంది. నోరు ఒక పక్కకు లాక్కుపోయింది.

రాధాకుమారి లేచి పరుగెత్తింది. రెండడుగులు వేసి ఆగిపోయింది. నేల తడి. తన కాళ్లకు చెప్పులు లేవు, ట్రాన్స్‌మిటర్ గది బయట విడవడం అలవాటు. మెయిన్ స్విచ్ ఆ తడికి అవతల ఉంది. ముట్టుకుంటే తానూ అంతే. పక్కన చెక్క బెంచీ కనపడింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, అంచుతో లస్మవ్వ మోచేతి దగ్గర బలంగా తోసింది. రాలేదు. మళ్లీ తోసింది. చట్రం నుంచి చెయ్యి విడివడి లస్మవ్వ బకెట్టు మీద పడింది.

"ధన్‌సింగ్, మెయిన్," అని రాధాకుమారి పెట్టిన కేక రోడ్డు దాకా వినిపించింది. అతను చెప్పులతోనే పరుగున వచ్చి స్విచ్ లాగేశాడు. ఫ్యాన్లు నెమ్మదిగా ఆగాయి.

లస్మవ్వ కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు లేదు. రాధాకుమారి ఆమె గుండె మీద చేతులు పెట్టి నొక్కింది. ఎలా నొక్కాలో శిక్షణలో ఎప్పుడో చెప్పారు. సరిగ్గా నొక్కుతున్నానో లేదో తెలియలేదు. సాంబమూర్తి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మా, లస్మవ్వా," అంటూ ఉన్నాడు తప్ప ఆయన చేతులు ఆడలేదు. కాసేపటికి ముసలమ్మ గొంతులో గురకలాంటి చప్పుడు వచ్చింది. ఊపిరి పీల్చింది. ఆటోలో దవాఖానకు తీసుకువెళ్లారు.

ప్రాణం నిలబడింది. అరచెయ్యి కాలింది. రెండు వేళ్లకు స్పర్శ పోయింది, మళ్లీ రాలేదు.

ఆ సాయంత్రం సాంబమూర్తి తలుపు పైన కట్టిన చిన్న దీపాన్ని చూపించాడు. ఎప్పుడో మాడిపోయిన బల్బు అది, ఏళ్లుగా ఎవరూ వెలిగించింది లేదు. దాని తీగ గోడ లోపలి గొట్టంలోంచి చట్రం పక్కగా వచ్చింది. గొట్టం నిండా వాగు నీళ్లే, కరెంటు ఆ నీళ్లలోంచే ఇనుప చట్రానికి పాకింది. ఆ లైను ఉందన్న సంగతే ఇద్దరికీ గుర్తు రాలేదు.

"నేనూ చూశానమ్మా. మీరొక్కరే కాదు. నేనూ పక్కనే కూర్చుని చూశాను," అన్నాడు ఆయన.

రాధాకుమారి ఇంటికి వెళ్లి దీపికను దగ్గరికి తీసుకోబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఫ్రిజ్ తలుపు ముట్టుకోవడానికి భయం. స్విచ్ వేయడానికి భయం. దిలీప్‌తో వేయించేది. తల్లి శాంతకుమారి వర్ని నుంచి వచ్చి రెండు రోజులుండి, "ఆ ఉద్యోగం మానెయ్యి తల్లీ. కొట్లో కూర్చుంటే చాలదా? ఆ కొంపలో అడుగుపెడితే నా మీద ఒట్టే," అంది. మానేస్తానని చెప్పడానికి రాధాకుమారికి నోటిదాకా వచ్చింది. ముందు లస్మవ్వను చూసి వద్దామనుకుంది.

లస్మవ్వ ఇల్లు ఊరి అవతలి కొసన. ఇంటి ముందు ఆమె కొడుకు లింగం సైకిలు తుడుచుకుంటున్నాడు. రాధాకుమారిని చూసి లేవలేదు.

"ఎందుకచ్చినవ్ మేడం? మా అవ్వకు ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తుండె? మీకు టీవీ ఫికర్ ఉన్నది గని, మనిషి ఫికర్ ఉన్నదా?"

లోపలి నుంచి లస్మవ్వ, "లోపలికి రానియ్యిరా," అంది. మంచం మీద కూర్చుని ఉంది, చేతికి కట్టుతో. రాధాకుమారి నేల మీదే కూర్చుంది.

"నీకు నిద్ర వడ్తుందా బిడ్డా?" అని అడిగింది లస్మవ్వ.

"పట్టడం లేదు."

"నాకు గూడ. కన్ను మూస్తే తలుపు గుంజుతున్నట్టే అయితది." కట్టు సర్దుకుని, "నువ్ గా బిల్డింగుల పని చేస్తనే ఉన్నవా?"

"మానేద్దామనుకుంటున్నా."

లస్మవ్వ, "మానుతె మాను. గని గా గోడల్ల ఇంక నీళ్లున్నయి గద. నీ తర్వాత ఇంకెవరన్న అస్తరు. గోడ ముట్టుకుంటరు. గప్పుడేమైతది? నువ్వయితె భయపడుకుంట చేస్తవు. నాకు గదే మంచిగనిపిస్తది," అంది.

గుమ్మంలో నిలబడిన లింగం తల పక్కకు తిప్పుకున్నాడు.

మర్నాడు రాధాకుమారి స్టేషన్‌కు వెళ్లింది. పాత వైరింగు మొత్తం కత్తిరించి వదిలేద్దామని సాంబమూర్తితో చెప్పింది. గోడ లోపలి తీగ ఒక్కటి కూడా వద్దు. పైన చెక్క పట్టీలు కొట్టి కొత్త తీగ లాగుదాం, ఎర్తింగ్ కొత్తది తవ్విద్దాం. అప్పటిదాకా స్టేషన్ తెరవొద్దు.

"పై వాళ్లు ఒప్పుకోరేమోనండీ," అన్నాడాయన. ఫోను ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి నంబరు తిప్పి, లేచి నిలబడే మాట్లాడాడు. "ఆలస్యమవుతుందండీ. ఎంతంటే చెప్పలేను. తెరవొచ్చని సంతకం పెట్టాల్సింది నేను కాబట్టి నేనే చెబుతున్నాను. మనిషి పోయినంత పనైంది." అవతలి వాళ్లు ఏమన్నారో గానీ ఫోను పెట్టేశాక మంచినీళ్లు అడిగి తాగాడు.

దసరా దాటింది. ఊళ్లో జనం తిట్టుకున్నారు. ఎవరో స్టేషన్ గోడ మీద బొగ్గుతో బూతు రాశారు. చలి మొదలయ్యే నాటికి పని పూర్తయింది. అదీ ఇదీ అని లేకుండా ప్రతి తీగనూ రాధాకుమారి పరీక్షించింది. సాంబమూర్తి మళ్లీ పరీక్షించాడు. ఇద్దరూ రబ్బరు చెప్పులతో, కరెంటు పడితే చెయ్యి వెనక్కే వచ్చేలా, ముడిచిన వేలి వెనక కణుపుతో తలుపును, బీరువాను, కుళాయిని, గోడ మేకుల్ని ఒక్కొక్కటీ తాకి చూశారు. ధన్‌సింగ్ బయట నిలబడి చూస్తూ చూస్తూ కళ్లు మూసుకున్నాడు.

ట్రాన్స్‌మిటర్ వేయాల్సిన ఉదయం రాధాకుమారి చెయ్యి స్విచ్ దాకా వెళ్లి ఆగింది. సాంబమూర్తి, "నేను వెయ్యనా అమ్మా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఇంకాసేపు అలాగే నిలబడింది. తర్వాత వేసింది. పెట్టెలో ఫ్యాను తిరిగింది, లైట్లు ఒకటొకటిగా వచ్చాయి, మీటరు ముల్లు లేచింది. మూలనున్న చిన్న టీవీలో ఎవరో వ్యవసాయదారుల కార్యక్రమంలో పత్తి పురుగు గురించి చెబుతున్నాడు. ముగ్గురూ కాలిన వాసన ఏమైనా వస్తుందా అని ముక్కులు ఎగబీలుస్తూ మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నారు.

లస్మవ్వ సంక్రాంతి దాటాక పనికి వచ్చింది. గడప దాకా వచ్చి నిలబడిపోయింది. రాధాకుమారి వెళ్లి చెయ్యి అందించింది. లస్మవ్వ తలుపుకు తగలకుండా కొంగు దగ్గరికి లాక్కుని, ఒంటిని ముడుచుకుని పక్కగా లోపలికి వచ్చింది. ఆ తర్వాత అక్కడ పనిచేసినన్నాళ్లూ అలాగే వచ్చింది, అలాగే పోయింది. తలుపు తీసినా వేసినా ధన్‌సింగే. ఆమె ఉన్నంతసేపు దాన్ని బార్లా తీసే ఉంచేవారు.

సాంబమూర్తి రిటైరయ్యే ముందు పట్టుబట్టి, గడప ఎత్తు పెంచి, తలుపు లోపలికి తెరుచుకునేలా మార్పించాడు. వాగు మరో రెండుసార్లు పొంగింది. ఒకసారి గడప దాకా వచ్చి వెనక్కి తగ్గింది. ఆ రెండుసార్లూ రాధాకుమారి వాన మొదలు కాగానే లస్మవ్వను ఇంటికి పంపి, మెయిన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. భయం తగ్గుతుందని మొదట్లో ఎదురుచూసింది. తగ్గలేదు. కొన్నాళ్లకు ఎదురుచూడటం మానేసింది.

రెండువేల సంవత్సరం దాటాక ఊళ్లో కేబుల్ తీగలు వచ్చాయి, తర్వాత ఇళ్ల మీద చిన్న చిన్న డిష్‌లు మొలిచాయి. బజారులో టీవీ గురించి ఆమెను అడిగేవాళ్లు లేకుండా పోయారు. డోంగ్లి వైపు నుంచి, తీగలు చేరని పల్లెల నుంచి మాత్రం అప్పుడప్పుడు ఫోన్లు వచ్చేవి, బొమ్మ సరిగ్గా రావడం లేదని. లస్మవ్వ పని మానేసి మనవరాళ్లతో ఉండిపోయింది. దీపిక ఇంటర్ చదివే ఏడు రాధాకుమారికి నిజామాబాద్ బదిలీ అయింది.

వెళ్లే ముందు లస్మవ్వ ఇంటికి పోయింది. లింగం కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. లస్మవ్వ స్పర్శ లేని వేళ్లతో గ్లాసు పట్టుకోలేక రెండో చేత్తో పట్టుకుంది.

"ఆడ వాగున్నదా?" అని అడిగింది.

"లేదు లస్మవ్వా. మేడ మీద ఆఫీసు."

"మేడ మీద అయితె మంచిదే. గని మెట్లు చూస్కుంట దిగు," అంది లస్మవ్వ.

బయట మబ్బు పట్టింది. రాధాకుమారి టీ సగంలోనే దించి, చినుకు పడకముందే బస్సెక్కాలని లేచింది. లింగం బండి తీసి బస్టాండు దాకా దింపాడు.